బెర్త్ అంటే గోడ కాదు, జాగా: ఓడ ఆగే చోటుకి ఇన్ని పేర్లు ఎందుకు?

రైల్లో బెర్త్ కన్ఫర్మ్ అయిందా అని అడుగుతారు. మంత్రివర్గంలో బెర్త్ ఎవరికి అని పత్రికలు రాస్తాయి. టోర్నీలో ఓ జట్టు ఫైనల్ బెర్త్ ఖాయం చేసుకుంటుంది. ఇన్ని చోట్ల చక్కగా ఇమిడిపోయిన ఈ మాట, తన సొంతిల్లైన ఓడరేవు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గందరగోళంలో పడుతుంది. ఒక వాక్యంలో కొత్త జెట్టీ అంటారు, తర్వాతి వాక్యంలో అదే బెర్త్ అవుతుంది, మూడో వాక్యానికి డాక్ అయిపోతుంది. చదివేవారికి అన్నీ ఒకటేనేమో అనిపిస్తుంది. ఒక్కోసారి రాసేవారికీ అలాగే అనిపించి ఉండొచ్చు.

క్లుప్తంగా చెప్పాలంటే ఇదీ సంగతి. డాక్, వార్ఫ్, క్వే, జెట్టీ, పియర్ అన్నవి ఒడ్డునో నీళ్లలోనో కంటికి కనిపించే వాటి పేర్లు. బెర్త్ అలాంటిది కాదు. అది ఒక ఓడకి కేటాయించిన జాగా. పుట్టినప్పుడైతే దానికి ఓడని కట్టేసే చోటు అన్న అర్థం కూడా లేదు. ఓడ చుట్టూ వదలాల్సిన ఖాళీ నీటిని బెర్త్ అనేవారు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే రైలు పడక నుంచి ఓడ ఆలస్యానికి కట్టే డెమరేజ్ తగాదాల దాకా చాలా ముడులు విడిపోతాయి.

ఓడ చుట్టూ ఖాళీ

ఇంగ్లిష్‌లో బెర్త్ అనే మాట 17వ శతాబ్దం మొదట్లో నావికుల రాతల్లో కనిపిస్తుంది. ఓడ ఇబ్బంది లేకుండా మసలడానికి సరిపడా సముద్రం అని అప్పటి అర్థం. ఈ మాట 'బేర్' అనే క్రియ నుంచి వచ్చి ఉంటుందని నిఘంటుకారుల అంచనా. బేర్ అంటే మోయడం అన్నది అందరికీ తెలిసిన అర్థం. నావికుల భాషలో దానికి ఫలానా దిక్కుకి ఓడని మళ్లించడం అన్న అర్థం కూడా ఉంది. హెల్త్, స్ట్రెంగ్త్ లాంటి మాటల చివర వచ్చే 'త్' దీనికి చేరి బెర్త్ అయిందంటారు. పుట్టుక అనే అర్థమున్న 'బర్త్' కూడా ఈ కుటుంబంలోదే. పాత రాతల్లో రెండు మాటల్నీ ఒకే స్పెల్లింగుతో రాసిన సందర్భాలు బోలెడు. ఇప్పటికీ రెండూ పలకడంలో ఒకటే.

ఖాళీ నీటికి ప్రత్యేకంగా ఒక పేరు ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే లంగరేసిన ఓడని కాసేపు గమనించాలి. లంగరు పడగానే ఓడ నిలిచిపోతుందని ఒడ్డున ఉన్నవారు అనుకుంటారు. నిజానికి అది నిలవదు. గుంజకి కట్టిన గేదెలాగా తిరుగుతుంది. గాలి మారితే ఒకవైపు, పోటు మారితే ఇంకోవైపు, తాడు ఎంత దూరం పోనిస్తే అంత దూరం పోతుంది. నావికులు గొలుసు పొడవుని షాకిళ్లలో లెక్కపెడతారు. ఒక షాకిల్ దాదాపు 27.5 మీటర్లు. 6 షాకిళ్ల గొలుసు వదిలితే 165 మీటర్లు. ఓడ పొడవు 200 మీటర్లు అనుకుంటే, లంగరు పడ్డ చోటు నుంచి ఓడ వెనక కొస దాకా 365 మీటర్లు అవుతుంది. గొలుసులో కొంత భాగం కిందికి వంగి ఉంటుంది కాబట్టి అసలు దూరం ఇంకాస్త తగ్గుతుంది. అయినా జాగ్రత్తపరులు గీసుకునే వలయం ఇదే: వ్యాసార్ధం 365 మీటర్లు, అడ్డంగా కొలిస్తే 700 మీటర్లకు పైమాటే. ఆ వలయంలోకి ఇంకో ఓడ వస్తే రాత్రి గాలి మళ్లినప్పుడు రెండూ ఢీకొంటాయి.

తెరచాప ఓడల కాలంలో ఈ భయం ఇంకా ఎక్కువ. ఇంజిన్ లేదు, గాలికి ఎదురుగా నేరుగా పోవడం కుదరదు, పక్క ఓడ మీదికి జారుతుంటే చప్పున తప్పించుకునే దారి ఉండదు. అందుకే ముందు ఖాళీ చూసుకునేవారు. ఆ ఖాళీయే బెర్త్.

ఇంగ్లిష్‌లో 'వైడ్ బెర్త్ ఇవ్వడం' అనే నుడికారం ఉంది. ఒకరి జోలికి పోకుండా దూరంగా తప్పుకోవడం అని అర్థం. బెర్త్ అంటే పడకే అనుకుంటే ఇది వింతగా ఉంటుంది. గిట్టనివాడికి వెడల్పాటి మంచం ఎందుకు ఇస్తారు? రాతి గుట్టల పక్కనుంచి పోయే ఓడ వాటికి దూరంగా ఎక్కువ నీళ్లు వదిలేది. పాత అర్థం ఈ నుడికారంలో చెక్కుచెదరకుండా మిగిలింది.

ఖాళీ నుంచి కేటాయింపుకి

18వ శతాబ్దంలో ఈ మాట ఓడ బయటినుంచి లోపలికి అడుగుపెట్టింది. ఓడకి సముద్రంలో జాగా కావాలి, మనిషికి ఓడలో జాగా కావాలి. నావికుల పెట్టెలు పెట్టుకునే మూల, కొందరు కలిసి తినే చోటు, చివరికి పడుకునే చోటు, అన్నీ బెర్త్‌లు అయ్యాయి. ఆ జాగా ఎంత ఉండేదో చూస్తే కేటాయింపు అన్న మాట బరువు తెలుస్తుంది. బ్రిటిష్ రాయల్ నేవీ యుద్ధనౌకల్లో ఒక్కో నావికుడికి ఉయ్యాల పడక కట్టుకోవడానికి ఇచ్చిన వెడల్పు 14 అంగుళాలు. అంటే దాదాపు 36 సెంటీమీటర్లు, ఓ మనిషి భుజాల వెడల్పు కంటే తక్కువ. సగంమంది డ్యూటీలో ఉంటారు కాబట్టి పక్కవాడి 14 అంగుళాలు కూడా కలిసొచ్చేవి, అంతే. పడక సొంతం కావచ్చు, కానీ అది వేలాడే జాగా ఓడది, లెక్కపెట్టి ఇచ్చింది.

ఆ తర్వాతి అడుగు ఉద్యోగం. ఓడలో బెర్త్ దొరికిందంటే ఓడలో పని దొరికినట్టే, ఎందుకంటే పని లేనివాడికి జాగా ఇవ్వరు. అక్కడినుంచి ఈ మాట నేల మీదికి దిగింది. 19వ శతాబ్దంలో పడక పెట్టెలు వచ్చాక రైలెక్కింది. మంత్రివర్గంలో బెర్త్ అన్నప్పుడు పడకా లేదు, ఓడా లేదు. ఉన్న చోట్లు లెక్కకి కొన్నే, వాటిలో ఒకటి ఒకరికి ఇచ్చారు అన్న అర్థం మాత్రం నిలిచింది. ఆ లెక్కన పత్రికల వాడుకలో తప్పేమీ లేదు. పాత నావికుడు విన్నా అర్థం చేసుకుంటాడు.

రేవు అనే ఒక్క మాట

తెలుగులో రేవు ఉంది. నీళ్లలోకి దిగడానికి వీలైన చోటు ఏదైనా రేవే. స్నానాల రేవు, చాకిరేవు, పడవల రేవు. ఓడలకి కావాలంటే ముందు ఓడ తగిలించి ఓడరేవు అన్నారు. సంస్కృతంలో తీర్థం కూడా మొదట ఇలాంటిదే. దాటడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చి, నదిని దాటే చోటుకి, నీళ్లలోకి దిగే మెట్లకి పేరై, ఆ తర్వాతే పుణ్యక్షేత్రం అయింది. రెండు మాటలూ మనిషి కాలి వైపు నుంచి పుట్టినవి. ఓడ వైపు నుంచి పుట్టినవి కావు. సముద్రం మీదినుంచి వచ్చిన మాటలు వేరే ఉన్నాయి. లంగరు పారసీకం. బందరు కూడా పారసీకమే. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లోనూ, గుజరాత్‌లోని పోర్‌బందర్‌లోనూ, మచిలీపట్నానికి వాడుక పేరైన బందరులోనూ ఉన్నది ఓడరేవు అనే ఒక్క మాటే.

ఇంగ్లిష్‌లో బెర్త్, డాక్, వార్ఫ్ లాంటివి వేర్వేరు భాషల నుంచి, వేర్వేరు కాలాల్లో, ఒక్కోటి ఒక్కో అవసరానికి వచ్చి చేరాయి. తెలుగులోకి అవన్నీ రేవు కాగితాల ద్వారా, ఇంచుమించు కలిసికట్టుగా వచ్చాయి. దేని వెనక ఏ చిత్రం ఉందో చెప్పేవారు లేకపోయారు. ఒకదాని బదులు ఇంకొకటి వాడేయడానికి ఇది పెద్ద కారణం. ఇంగ్లిష్ మాట్లాడేవారే వీటిని కలిపేస్తారన్నది వేరే సంగతి. డాక్ అందుకు మంచి ఉదాహరణ.

బురదలో గుంట

డాక్ అనే మాట ఇంగ్లిష్‌లో 15వ శతాబ్దం చివర కనిపిస్తుంది. డచ్ లేదా ఉత్తర జర్మన్ మాండలికాల నుంచి వచ్చిందని అంచనా. దాని మొదటి అర్థం సిమెంటు గోడా కాదు, చెక్క వేదికా కాదు. ఆటు వేళ నీళ్లు వెనక్కిపోయి పడవ బురదలో కూర్చున్నప్పుడు దాని అడుగు ఒత్తుకుని పడే గుంట.

ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉండే తీరాల్లో ఇది రోజూ జరిగే పనే. పోటులో పడవ ఒడ్డు దాకా వస్తుంది, ఆటులో బురదలో కూలబడుతుంది, సరుకు దించుతారు, మళ్లీ పోటు వచ్చి లేపుతుంది. చిన్న పడవలకి ఇది బాగానే ఉంటుంది. బరువైన ఓడలకి మాత్రం నీటి ఊతం లేకుండా కూర్చుంటే దూలాలు వంగుతాయి, సరుకు పక్కకి ఒరుగుతుంది. అప్పుడు ఆ గుంటనే తవ్వి పెద్దది చేసి, తలుపులు పెట్టి, నీటిని తమ చెప్పుచేతల్లో పెట్టుకోవడం మొదలైంది. నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేస్తే అది డ్రై డాక్. ఇంగ్లండ్‌లో 7వ హెన్రీ 1495లో పోర్ట్స్‌మత్‌లో అలాంటిది కట్టించాడు. నీళ్లు బయటికి పోకుండా తలుపులు మూసి ఓడని తేలుతూనే ఉంచితే వెట్ డాక్. లివర్‌పూల్‌లో 1715లో తెరిచిన ఓల్డ్ డాక్‌ని వాణిజ్య సరుకుల కోసం కట్టిన మొదటి వెట్ డాక్‌గా చెబుతారు. థామస్ స్టీర్స్ దాని ఇంజినీరు. అక్కడి మెర్సీ నదిలో ఆటుపోట్ల తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది. తలుపుల వెనక నీటి మట్టం కదలకుండా ఉండటంతో ఓడలోంచి సరుకు నేరుగా ఒడ్డుకి దించడం కుదిరింది. బ్రిస్టల్‌లో 1809లో విలియం జెస్సప్ ఏకంగా నదినే ఇలా బంధించి దానికి ఫ్లోటింగ్ హార్బర్ అని పేరు పెట్టారు. తేలేది హార్బర్ కాదు, అందులోని ఓడలు. పేరు విని తేలియాడే రేవు అని అనువదిస్తే పప్పులో కాలేసినట్టే.

ఈ చరిత్ర ప్రకారం డాక్ అంటే నీళ్లున్న గుంట. బ్రిటన్‌లో సాంకేతికంగా ఇప్పటికీ అంతే. అమెరికాలో మాత్రం ఓడ పక్కన మనిషి నడిచే వేదికని డాక్ అంటారు. అమెరికా డాక్ మీద నిలబడి చేపలు పట్టొచ్చు. బ్రిటిష్ అర్థంలో డాక్ మీద నిలబడ్డవాడు మునిగిపోతాడు. కోర్టులో ముద్దాయి నిలబడే డాక్ వేరే మాట. పశువులని, పక్షులని పెట్టే బోను అనే అర్థమున్న ఫ్లెమిష్ మాట నుంచి అది వచ్చింది. ఇక గుజరాత్‌లోని హరప్పా కాలపు ఊరు లోథల్ తవ్వకాల్లో బయటపడ్డ, 200 మీటర్లకు పైగా పొడవున్న ఇటుకల తొట్టి డాకా, నీటి చెరువా అన్న వాదన ఇంకా నడుస్తోంది. దానిలోకి ఓడ రాగలిగేదా, నీటిని ఆపే ఏర్పాటు ఎలాంటిది అన్నవే అక్కడ కీలకమైన ప్రశ్నలు.

కంచె, విసురు, స్తంభం

మిగిలినవాటిలో క్వే కథ బాగుంటుంది. తెలుగులో క్వే అని రాస్తున్నా ఇంగ్లిష్‌లో దాన్ని 'కీ' అని పలుకుతారు, తాళంచెవి కీ లాగానే. కారణం స్పెల్లింగు చరిత్రలో ఉంది. పాత ఇంగ్లిష్ రాతల్లో తాళంచెవి స్పెల్లింగుతోనే దీన్నీ రాసేవారు. ఆ తర్వాత ఫ్రెంచి మాటని చూసి స్పెల్లింగు మార్చుకున్నారు, నోటి పలుకు మాత్రం మారలేదు. ఫ్రెంచివారికి అది ప్రాచీన గాల్ ప్రాంతపు కెల్టిక్ భాష నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం కంచె, ఆవరణ. నీళ్లకీ నేలకీ మధ్య కట్టిన గోడకి ఆ పేరు అతికినట్టు సరిపోతుంది. విచిత్రం ఏమిటంటే ఆచరణలో కూడా క్వే కంచె పనే చేసింది. 1వ ఎలిజబెత్ పాలన మొదట్లో లండన్‌లో సరుకు దించడానికి 20 క్వేలనే చట్టబద్ధం చేశారు. సుంకం ఎగ్గొట్టకుండా ఆ క్వేల దగ్గరే కాపలా పెట్టడం దాని ఉద్దేశం. ఫ్లోరిడాలోని కీ వెస్ట్ పేరులో ఉన్న కీ మాత్రం ఇది కాదు. అది స్పానిష్‌లో చిన్న దీవి అనే అర్థమున్న 'కాయో'. కాయో ఉవేసో, అంటే ఎముకల దీవి, ఇంగ్లిష్ నోట్లో నలిగి కీ వెస్ట్ అయింది.

వార్ఫ్ పాత ఇంగ్లిష్ మాట. మొదట గట్టు, కరకట్ట అని అర్థం. తిరగడం అనే అర్థమున్న క్రియకి చుట్టం. నది ఒడ్డున గిడ్డంగి అనే అర్థం వచ్చే కొన్ని ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే వార్ఫ్ అయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. అక్షరాలు కలిపి మాటలు చేసే అలవాటు ఈ మాట పుట్టిన వెయ్యేళ్ల కిందటి కాలంలో లేదు. ఇలాంటి కథలు ఎక్కడ కనిపించినా ముందు అనుమానించడమే మేలు. డచ్, జర్మన్ భాషల్లో దీని తోబుట్టువులకి ఓడలు కట్టే కార్ఖానా అని అర్థం.

జెట్టీ ఫ్రెంచి నుంచి వచ్చింది. విసిరినది అని అర్థం. నీళ్లలోకి రాళ్లు పోసి ముందుకి చాచిన కట్ట కాబట్టి ఆ పేరు. జెట్ అన్న మాటదీ ఇదే కుదురు. ఓడ తేలికపడటానికి సరుకు సముద్రంలోకి విసిరేయడాన్ని జెటిసన్ అంటారు, అదీ ఇక్కడిదే. జెట్టీకి ఓడ కట్టాలన్న నియమం కూడా లేదు. మిసిసిపీ నది ముఖద్వారం దగ్గర జేమ్స్ ఈడ్స్ 1870లలో కట్టిన జెట్టీలు ప్రవాహాన్ని ఇరుకు చేయడానికే. ఇరుకు దారిలో నీటి వేగం పెరుగుతుంది, ఆ వేగం అడుగున పేరుకున్న ఒండ్రుని తోసుకుపోతుంది, ఓడల దారి తనంతట తనే లోతవుతుంది.

పియర్ మొదట వంతెన స్తంభం పేరు. ఆ తర్వాత స్తంభాల మీద నీళ్లలోకి నడిచిపోయే కట్టడానికి వచ్చింది. కింద నీళ్లు పారాలి, అదే దాని గుర్తు. ఇంగ్లండ్‌లోని సౌత్ఎండ్ పియర్ పొడవు 2 కిలోమీటర్లకు పైనే. అది షోకు కోసం మొదలైన పొడవు కాదు. అక్కడ ఆటు వేళ తీరమంతా బురదగా బయటపడుతుంది. పడవలు అందుకునేంత లోతు కావాలంటే అంత దూరం పోవాల్సిందే.

హార్బర్ ఈ జాబితాలో అతి పెద్దది, అతి మెత్తనిది. పాత ఇంగ్లిష్‌లో సైన్యానికి విడిది అని దాని అర్థం. ఫ్రెంచిలో సత్రానికి వాడే 'ఒబెర్జ్' దీని బంధువే. అలలనుంచి కాపాడే నీళ్లకి విడిది అని పేరు పెట్టారంటే, నావికుడు ఎంత అలసిపోయి వచ్చేవాడో ఊహించొచ్చు.

ఓడకి ఎడమవైపే ఎందుకు?

ఓడ కుడిపక్కని స్టార్‌బోర్డ్, ఎడమపక్కని పోర్ట్ అంటారు. పోర్ట్ అంటే రేవే కదా, ఎడమకి ఆ పేరేమిటి?

జవాబు చుక్కానిలో ఉంది. చుక్కాని ఓడ వెనక నడిమధ్యకి చేరకముందు ఉత్తర ఐరోపా ఓడల్ని ఒక పెద్ద తెడ్డుతో తిప్పేవారు. ఎక్కువమందిది కుడిచేతి వాటం కాబట్టి అది వెనక కుడిపక్కన ఉండేది. స్టార్‌బోర్డ్ అంటే నక్షత్రాలకి సంబంధం లేదు, ఓడని నడిపే పక్క అని. కుడిపక్క గట్టుకి ఆనిస్తే తెడ్డు నలిగి విరుగుతుంది. అందుకని ఎడమపక్కనే ఒడ్డుకి చేర్చేవారు. సరుకు ఎక్కించే పక్క కాబట్టి ఎడమకి లార్‌బోర్డ్ అని పేరొచ్చింది. గాలివానలో స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్ అని అరిస్తే రెండూ ఒకేలా వినిపిస్తాయి. పొరపాటు వింటే ఓడ రాళ్ల మీదికి పోతుంది. రేవు వైపు పక్క అనే అర్థంలో పోర్ట్ అప్పటికే వాడుకలో ఉంది. బ్రిటిష్ నౌకాదళం 1844లో, అమెరికా నౌకాదళం 1846లో లార్‌బోర్డ్ మానేసి పోర్ట్ అనే అనాలని ఆదేశాలిచ్చాయి. టర్కిష్‌లో 'ఇస్కెలె' అంటే పడవలు ఆగే వేదిక, ఓడ ఎడమపక్క కూడా అదే. వేరే భాషలో కూడా రేవు పేరే ఓడ ఎడమపక్కకి స్థిరపడింది.

వెయ్యి మీటర్ల గోడకి ఎన్ని బెర్త్‌లు?

ఇప్పటి రేవులో ఈ తేడాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఒక కంటైనర్ టెర్మినల్‌లో 1,000 మీటర్ల క్వే గోడ ఉందనుకుందాం. దాని మీద ఎన్ని బెర్త్‌లున్నాయి? వచ్చే ఓడని బట్టి. 200 మీటర్ల ఓడలైతే నాలుగు నిలబడతాయి. 2021లో సూయజ్ కాలువలో అడ్డం పడ్డ ఎవర్ గివెన్ లాంటి 400 మీటర్ల ఓడలైతే రెండే. గోడ అదే, క్రేన్లు అవే. అందుకే కొత్తగా రెండు బెర్త్‌లు అన్న వార్తకి పొడవు, లోతు చెప్పకపోతే పెద్దగా అర్థం ఉండదు.

నాలుగు 200లు 800 అయితే మిగిలిన 200 ఎటుపోయినట్టు? మోకుల దగ్గర ఉంటుంది లెక్క. ఓడని కట్టడమంటే పక్కకి లాగి కట్టేయడం కాదు. ముక్కు నుంచి ముందుకి కొన్ని మోకులు, వెనక నుంచి వెనక్కి కొన్ని, ఓడ ముందుకీ వెనక్కీ జరగకుండా ఏటవాలుగా మరికొన్ని వేస్తారు. ముందుకి వేసిన మోకు ఓడ ముక్కుని దాటిపోయి గట్టు మీది బొల్లార్డ్‌కి తగులుకోవాలి. బొల్లార్డ్ అంటే మోకు తగిలించే కురచ ఇనప గుంజ. పాత రేవుల్లో పనికిరాని ఫిరంగుల్ని మూతి పైకి పెట్టి పాతేసి ఈ పనికి వాడారు. పక్క ఓడ కూడా అలాగే కట్టుకుంటుంది కాబట్టి మధ్యలో జాగా వదలాలి. ఓడకీ గోడకీ మధ్య రబ్బరు ఫెండర్లు ఉంటాయి. డిఫెండ్ అనే మాటలోంచి ఊడిన ముక్కే ఫెండర్. మొత్తానికి కట్టేసిన ఓడకి కూడా దాని పొడవు కంటే ఎక్కువ చోటు కావాలి.

లోతుదీ ఇదే వరస. చాలా రేవుల్లో ఓడ దగ్గరి అడుగుని, అది వచ్చే దారి కంటే ఎక్కువ లోతుగా తవ్వుతారు. బెర్త్ పాకెట్ అంటారు. ఓడ పోటు చూసుకుని దారిలోంచి వచ్చేయగలదు, కానీ సరుకు దించేదాకా, రోజుకి రెండుసార్లు ఆటు వచ్చే చోట కూడా, తేలుతూనే ఉండాలి. దారికి ఆ అవసరం లేదు, ఆగే చోటుకి ఉంది.

బెర్త్ చేరాలా, రేవు చేరితే చాలా?

అద్దె ఒప్పందాల దగ్గరికొచ్చేసరికి ఈ మాటల తేడా నేరుగా డబ్బు అవుతుంది. ఓడని అద్దెకి తీసుకున్న వ్యాపారికి సరుకు ఎక్కించడానికో దించడానికో ఇన్ని రోజులని గడువు ఉంటుంది. గడువు దాటితే రోజుకింత చొప్పున డెమరేజ్ కట్టాలి. అసలు తగాదా గడువు ఎప్పుడు మొదలైంది అన్నదాని మీదే. ఓడ 'చేరినప్పుడు' మొదలవుతుంది. చేరడం అంటే?

ఒప్పందంలో గమ్యంగా బెర్త్ అని రాసుంటే ఓడ ఆ బెర్త్‌లోకి వచ్చాకే చేరినట్టు. బయట క్యూలో ఎన్ని రోజులు నిలబడినా ఆ నష్టం ఓడ యజమానిది. గమ్యం రేవు అని రాసుంటే, రేవు పరిధిలోకి వచ్చి వ్యాపారి పిలిచిన వెంటనే కదిలేలా సిద్ధంగా ఉంటే చాలు. అప్పుడు క్యూ నష్టం వ్యాపారిది. ఒక్క మాట తేడాతో లక్షల డాలర్లు ఇటునుంచి అటు పోతాయి.

రేవు పరిధి అంటే ఎక్కడిదాకా అన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. 1968 జనవరిలో యోహానా ఓల్డెన్‌డార్ఫ్ అనే ఓడ ధాన్యంతో లివర్‌పూల్ వచ్చింది. బెర్త్ ఖాళీ లేక డాక్‌లకి 17 మైళ్ల దూరంలో ఉన్న లంగరు స్థలంలో ఆగింది. అది చట్టప్రకారం రేవు హద్దుల్లోదే. 17 మైళ్ల దూరంలో ఉన్న ఓడ రేవుకి చేరినట్టా? 1973లో, అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చేరినట్టే అంది. ఫోన్లు, రేడియోలు వచ్చాక మైళ్ల దూరం అంత లెక్కలోది కాదు, బెర్త్ ఖాళీ కాగానే ఓడ రాగలదా లేదా అన్నదే చూడాలన్నది ఆ తీర్పు సారం.

బెర్త్ ఒప్పందాల్లో యజమానులు తమ రక్షణకి బెర్త్‌లో ఉన్నా లేకున్నా గడువు మొదలవుతుందనే మాట రాయించుకుంటారు. దానికీ హద్దుందని కిజికోస్ అనే ఓడ కేసు చూపించింది. 1984 డిసెంబరులో హ్యూస్టన్‌లో దాని బెర్త్ ఖాళీగానే ఉంది, పొగమంచు వల్ల అక్కడికి పోలేకపోయింది. బెర్త్ దొరకనప్పుడే ఆ షరతు పనిచేస్తుంది, బెర్త్ ఉండి వాతావరణం అడ్డుపడితే కాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

ఇలాంటి కేసుల తర్వాత షిప్పింగ్ రంగ సంఘాలు ఒప్పందాల్లో వాడుకోవడానికి 2013లో నిర్వచనాల పట్టిక ఒకటి విడుదల చేశాయి. అందులో బెర్త్ అంటే ఓడ సరుకు ఎక్కించాల్సిన లేదా దించాల్సిన నిర్దిష్టమైన చోటు. వార్ఫ్ కావచ్చు, నడిసముద్రపు ఏర్పాటు కావచ్చు, ఒట్టి లంగరు స్థలమైనా కావచ్చు. గోడ ఉండి తీరాలన్న షరతు ఎక్కడా లేదు. 17వ శతాబ్దపు నావికుడి అర్థం చట్టం భాషలో మళ్లీ అచ్చయింది.

ఆ ఒప్పందాల్లోనే ఇంకో పాత అర్థం కూడా దాగి ఉంది. మామూలుగా ఓడ ఎల్లప్పుడూ తేలుతూ ఉండగలిగే బెర్త్‌కే పంపాలని రాసుకుంటారు. కొన్ని చిన్న రేవులకి పోయే ఓడల విషయంలో ఇది కుదరదు. వాటికి వేరే షరతు రాస్తారు: ఎల్లప్పుడూ తేలకపోయినా ఫరవాలేదు, భద్రంగా నేలకి ఆనితే చాలు. ఆ రేవుల్లో అడుగు మెత్తగా, చదునుగా ఉందో లేదో ముందే కొలిచి చూస్తారు. ఒక్క బండరాయి ఉన్నా ఓడ అడుగు సొట్టపడుతుంది. ఆటు రాగానే చదును అడుగున్న చిన్న సరుకు ఓడ మెల్లగా బురదలో కూర్చుంటుంది, క్రేన్ తన పని తాను చేసుకుంటుంది. ఆరు గంటల్లో పోటు వచ్చి ఓడని లేపుతుంది. అది వెళ్లిపోయాక మళ్లీ ఆటు వచ్చినప్పుడు చూస్తే, దాని అడుగు అచ్చు బురదలో అలాగే ఉంటుంది. మొదట్లో డాక్ అన్నది దాన్నే.